అంబాసిడర్ ముందు అయిదేళ్ల కన్ను

(చిత్రకళ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారమండీ. వెనక వరసకు బోర్డు కనబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ్టి విషయం పాత కార్లు. వాటి మీద చిన్నప్పుడు పుట్టిన మోజు పెద్దయ్యాక బొమ్మలోకి ఎలా దిగుతుంది, ఎక్కడ దిగకుండా ఆగిపోతుంది అనేది చూద్దాం. మోజు గురించి ఎవరైనా గంటసేపు మాట్లాడగలరు. అంబాసిడర్ పేరెత్తితే చాలు, పెళ్లికొడుకు కారు, మంత్రిగారి ఎర్రబుగ్గ, ఒకే టాక్సీలో పదిమంది ఇరుక్కుని తిరుపతి వెళ్లడం, అన్నీ బయటికొస్తాయి. కబుర్లకు అవి బావుంటాయి. తీరా కాగితం మీదికి వచ్చేసరికి అదే మనిషి గీసిన కారు సబ్బుపెట్టెకు నాలుగు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. ఇష్టం లేక కాదు, ఇష్టం ఎక్కువై అలా వస్తుంది.

చిన్నప్పుడు ఇష్టపడ్డ వస్తువును మనసు ఒక ముఖంలా దాచిపెట్టుకుంటుంది. హెడ్‌లైట్లు కళ్లు, ముందు జాలీ నోరు, బంపర్ గడ్డం. పెన్సిలు పట్టగానే చెయ్యి ఆ ముఖాన్నే గీస్తుంది. కళ్లు పెద్దవైపోతాయి, ఒళ్లు కుదించుకుపోతుంది, చక్రాలు పాదాల్లా చివరికి జారతాయి. పిల్లల పుస్తకానికైతే అది చక్కగా పనికొస్తుంది. కానీ చూసినవాళ్లు "ఎంత ముద్దుగా ఉందో" అంటారే తప్ప "అరె, అంబాసిడర్!" అనరు.

నా మాట ఒక్కటే. కారును ముద్దు చెయ్యకండి. కారు కొలత కారుకు ఇచ్చెయ్యండి. మీ కన్నును మాత్రం అయిదేళ్ల పిల్లవాడి ఎత్తుకు దించండి. ఇష్టం ఆ కంటి మట్టంలోంచి వస్తుంది.

దీన్ని నూట ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించిన కుర్రవాడు ఒకడున్నాడు. జాక్ ఆన్రీ లార్తీగ్, ఫ్రాన్సువాడు, 1894లో పుట్టాడు. ఇంట్లో డబ్బుంది, తండ్రి ఏడెనిమిదేళ్లకే కెమెరా కొనిచ్చాడు, పిల్లవాడికేమో కార్ల పిచ్చి. 1905లో తన గదిలోని బొమ్మకార్లను ఫోటో తీశాడు. నిలబడి కిందికి చూస్తూ తీసి ఉంటే అవి నేలమీద చెల్లాచెదురుగా పడ్డ ఆటవస్తువులు అయ్యేవి. వాడు కెమెరాను నేల మట్టానికి దించాడు. బొమ్మకార్లు పందేనికి నిలబడ్డ కార్లలా, వెనకనున్న సామాను మేడల్లా కనబడతాయి. ఆ బొమ్మలో ఉన్న కిటుకల్లా కెమెరా ఎత్తే.

పెద్దయ్యాక తీసిన ఇంకో ఫోటో మీలో కొందరు చూసే ఉంటారు. పందెపు కారు ఒకటి కుడివైపుకు దూసుకుపోతుంటుంది. వెనక చక్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ముందుకు వాలి ఉంటుంది. దారి పక్కన నిలబడ్డ జనమేమో వెనక్కి వాలి ఉంటారు. 1912 నాటిదని ఆయనే గుర్తు రాసుకున్నాడు, తర్వాత పరిశీలించినవాళ్లు 1913 అన్నారు. అలా వాలడానికి కారణం షట్టర్, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తెర. ఆ కెమెరాలో ఫోటో పడే ఫలకం ముందు సన్నటి చీలిక ఒకటి పైనుంచి కిందికి జారుతుంది. ఫలకం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి నేల ముందు నమోదవుతుంది, తలలు ఆఖర్న. ఈలోపు కారు ముందుకు జరిగిపోయింది కనుక చక్రం పై అంచు ముందుకు పడింది. లార్తీగ్ కెమెరాను కారు వెంట తిప్పుతున్నాడు కాబట్టి కదలని జనం చట్రంలో వెనక్కి జరిగారు, వాళ్ల తలలు వెనక్కి పడ్డాయి. కారు వేగానికి కెమెరా తిప్పుడు సరిపోలేదు, సరిపోయి ఉంటే చక్రం గుండ్రంగానే వచ్చేది. చాలా ఏళ్లు పక్కన పడి ఉన్న ఆ ఫోటోకు 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం (మోమా) ప్రదర్శన తర్వాత లోకమంతా పేరొచ్చింది. కార్టూన్లలో వేగానికి గుర్తుగా చక్రాన్ని ముందుకు వంచి గీయడం ఇప్పటికీ చూస్తాం. ఆగి ఉన్న కారుకు మాత్రం ఆ వంపు పెట్టకండి.

ఇక పనిలోకి దిగుదాం. నమూనాగా అంబాసిడర్‌నే తీసుకుంటున్నాను, మనందరికీ తెలిసిన ఒళ్లు కాబట్టి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివర్లో తయారీ మొదలుపెట్టింది. 2014 మేలో ఆపేసింది. ఇన్నేళ్లలో జాలీ మారింది, దీపాల చుట్టూ అమరిక మారింది, ఇంజన్లు మారాయి. పక్కనుంచి చూసిన ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. నేర్చుకోవడానికి అది మన అదృష్టం. ఒక్కసారి కొలత పట్టుబడితే ఏ ఏడాది బండినైనా గీయొచ్చు.

కొలతలు రాసుకోండి. పొడవు సుమారు 4325 మిల్లీమీటర్లు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 2464. వెడల్పు సుమారు 1660, ఎత్తు 1590కి అటూ ఇటూ. టైరు 15 అంగుళాల రిమ్ము మీద ఎక్కుతుంది, టైరుతో కలిపి చక్రం వ్యాసం దాదాపు 675 అనుకోండి.

వెడల్పునూ ఎత్తునూ పక్కపక్కన పెట్టి చూడండి. 1660, 1590. ఎదురుగా నిలబడి చూస్తే అంబాసిడర్ దాదాపు చతురస్రం! ఇప్పటి సెడాన్లు ఎత్తు కంటే ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పుంటాయి, నేలకు అతుక్కుని పరుచుకుంటాయి. రోజూ వాటినే చూస్తున్న కన్ను అంబాసిడర్‌ను గీసేటప్పుడు కూడా తెలియకుండానే వెడల్పు చేసేస్తుంది. అక్కడే సగం పోలిక పోతుంది. పాత ఫియట్, అదే ప్రీమియర్ పద్మిని, దానిదీ ఇదే కథ. అది ఇంకా ఇరుకు, ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం.

ఏ3 కాగితం అడ్డంగా పెట్టుకోండి. పన్నెండో వంతు లెక్కన గీద్దాం, ఆ కాగితానికి కొలిచినట్టు సరిపోతుంది. ముందు నేల గీత. దాని మీద 56 మి.మీ. వ్యాసంతో రెండు చక్రాలు, మధ్య నుంచి మధ్యకు 205 మి.మీ. మొత్తం పొడవు 360, ఎత్తు 133. 360లోంచి 205 తీసేస్తే మిగిలిన 155 చక్రాల మధ్యబిందువులకు ముందూ వెనకా పంచాలి. సమానంగా పంచకండి. ముక్కు వైపు తక్కువ, డిక్కీ వైపు ఎక్కువ. ఎంతెంత అన్నది కారు దగ్గర నిలబడి చక్రంతోనే కొలుచుకోండి. స్కేలు అక్కర్లేదు, చక్రమే స్కేలు. రెండు చక్రాల మధ్య ఖాళీలో ఇంకో రెండున్నర చక్రాలు పట్టి కాస్త చోటు మిగలాలి. మొత్తం ఎత్తులో రెండు చక్రాలు, ఇంకొంచెం. ఈ రెండు సరిపోతే కారు నిలబడుతుంది.

ఈ పక్క బొమ్మ కాపీ కోసం కాదు, చేతికి లెక్క ఎక్కడానికి. మూడు నాలుగుసార్లు గీశాక చించి పారెయ్యండి.

చక్రం నేలను ఒక బిందువు దగ్గర తాకినట్టు గీయకండి. బరువుకు టైరు అడుగున కొద్దిగా చదునవుతుంది. ఆ చదును లేకపోతే కారు గాల్లో తేలుతుంది. నీడలోనూ అంతే. కారు కింద అంతా ఒకే నలుపు కొట్టేస్తారు. నిజానికి టైరు నేలను తాకే చోట మాత్రమే చిక్కటి నలుపు, అక్కణ్నుంచి బయటికి వచ్చేకొద్దీ నేల రంగు కలుస్తుంది. చక్రం పైభాగాన్ని మడ్‌గార్డ్ మింగేస్తుందని కూడా గుర్తుంచుకోండి. చక్రం మొత్తం కనబడేలా గీస్తే జీపు అవుతుంది.

ఇప్పుడు ముప్పాతిక వైపు నుంచి. అంటే ముక్కూ, ఒక పక్కా రెండూ కనబడే కోణం. అయిదేళ్ల పిల్లవాడి ఎత్తు నూట పది సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, కన్ను మీటరు ఎత్తున. ఆ ఎత్తులో కాగితం మీద అడ్డంగా ఒక గీత, అదే కంటి మట్టం. అంబాసిడర్‌కు అది దాదాపు బానెట్ ఎత్తులో పడుతుంది. బానెట్ పైభాగం పలుచటి చీలికలా కనబడుతుంది, అంతే. హెడ్‌లైట్లు చేతికందే ఎత్తులో ఎదురుగా ఉంటాయి. అద్దాలూ టాపూ అన్నీ కంటికి పైన. టాపు మీది రేకు ఒక్క ముక్క కూడా కనబడకూడదు.

టాపు రేకు పెద్దవాళ్లకు కూడా కనబడదు, అది గమనించండి. నిలబడ్డ మనిషి కన్ను మీటరున్నర, మీటరు అరవై. కారు ఎత్తూ అంతే. అయినా సగం బొమ్మల్లో టాపు తళతళలాడుతూ కనిపిస్తుంది. ఎందుకంటే వాళ్లు గీసింది షెల్ఫు మీద పెట్టిన బొమ్మకారును. చిన్నప్పటి కారు గీస్తున్నామని అనుకుని చిన్నప్పటి ఆటవస్తువు గీస్తున్నారు. రెండూ ఒకటి కావు.

ఎత్తు తర్వాత దూరం. ముక్కు ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడితే వెనక బంపర్ ఆరు మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. అంటే అది ముందు బంపర్‌లో మూడో వంతు పరిమాణంలో కనబడుతుంది. ఆరు మీటర్ల నుంచి చూస్తే పదింట ఆరో వంతు కనబడుతుంది. పిల్లవాడు దగ్గరికెళ్లి చూస్తాడు కాబట్టి రెండు మీటర్ల బొమ్మే నిజమైనదని అనిపిస్తుంది. కానీ కాగితం మీద అది చేపకన్ను అద్దంలో చూసినట్టు ఉబ్బిపోతుంది. మూడు, మూడున్నర మీటర్లు మంచి మధ్యస్థం. ఫోన్‌తో ఫోటో తీసుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఫోన్ అసలు లెన్సు వెడల్పాటిది, కారంతా పట్టించాలని దగ్గరికెళ్లి తీస్తే ముందు మడ్‌గార్డ్ గుమ్మడికాయలా ఉబ్బుతుంది. వెనక్కి నడిచి, రెండింతల జూమ్‌లో, గొంతుక్కూర్చుని తీయండి. గొంతుక్కూర్చోవడం మర్చిపోవద్దు.

చక్రాలు. ఈ కోణంలో అవి దీర్ఘవృత్తాలవుతాయి, నూటికి తొంభై బొమ్మలు ఇక్కడే చెడతాయి. అందరూ దీర్ఘవృత్తాన్ని నిలువుగా, బుద్ధిగా నిలబెడతారు. అది నిలువుగా నిలబడదు. మొదట ఇరుసు గీత గీయండి. ఈ చక్రం మధ్య నుంచి అవతలి చక్రం మధ్యకు పోయే గీత, అది దూరానికి పోతూ కంటి మట్టం మీద ఒక బిందువులో కలుస్తుంది. దీర్ఘవృత్తం పొట్టి అడ్డకొలత సరిగ్గా ఆ గీత మీద పడాలి. పొడుగు కొలత దానికి లంబంగా ఉండాలి. చక్రం మధ్య నేలకు 33 సెంటీమీటర్ల ఎత్తున, కన్ను మీటరు ఎత్తున ఉన్నాయి కాబట్టి ఇరుసు గీత దూరానికి పోతూ పైకి లేస్తుంది. దాంతో చక్రం కొద్దిగా ఒరుగుతుంది. చూడ్డానికి తప్పులా ఉంటుంది, ధైర్యం చేసి గీయండి. గీశాక రెండడుగులు వెనక్కెళ్లి చూడండి, చక్రం కారు కిందికి దూరుతుంది.

స్టీరింగు తిప్పి ఆపిన కారైతే ముందు చక్రాల ఇరుసు దిశ వేరు. దానికి అదే కంటి మట్టం మీద ఇంకో బిందువు పెట్టుకోవాలి. వెనక చక్రాలకు పాత బిందువే. ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు, డ్రైవరు ఇప్పుడే దిగి టీకి వెళ్లినట్టుంటుంది.

ఇక మెరుపు. ఒక్క హెడ్‌లైటును పట్టుకుని చూద్దాం, ఏడంగుళాల గుండ్రటి దీపం. తీరిగ్గా చెప్పుకోవాల్సిన విషయం ఇది.

దీపం చుట్టూ క్రోమ్ పట్టీ ఉంటుంది. అది బయటికి ఉబ్బిన ఆకారం. ఉబ్బిన ఏ మెరుపుపైనైనా పై సగంలో ఆకాశం, కింది సగంలో నేల, మధ్యలో దూరాన ఉన్న చెట్లూ గోడలూ నలుపు గీతలా పడతాయి. క్రోమ్‌కు సొంత రంగు లేదు. ఎదురుగా వేపచెట్టుంటే ఆకుపచ్చ, ఎర్రమట్టి వీధైతే అడుగున ఇటుకరంగు. ఇప్పుడు గాజు లోపలికి చూడండి. లోపలున్నది గిన్నెలాంటి అద్దం, లోపలికి గుంట. గుంట అద్దంలో లోకం తలకిందులవుతుంది. వెలుగు అడుగున, చీకటి పైన. అంటే బయటి పట్టీలో వెలుగు పైనుంటే, దాన్ని ఆనుకునే ఉన్న లోపలి గిన్నెలో వెలుగు కిందుంటుంది. ఈ ఎదురుబొదురు వెలుగే దీపానికి చూపు తెస్తుంది. చిన్నప్పుడు కారు మనల్ని చూస్తోందనిపించింది ఇందువల్లే కాబోలు. ఇది పట్టించుకోకుండా లోపల ఒక నల్ల చుక్క, పైన ఒక తెల్ల చుక్క పెడితే అది బొమ్మకన్నే. గాజు మీద నిలువు చారలుంటాయి, వాటి దగ్గర వెలుగు అంచు గరగరగా తెగుతుంది. ఆ తెగుడును నాలుగైదు చోట్ల చూపిస్తే చాలు, అన్ని చారలూ లెక్కపెట్టి గీస్తే దువ్వెన అవుతుంది.

వెండిరంగు వాడకండి. ఎంత మంచి కంపెనీదైనా సరే. ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో చచ్చిపోతుంది, స్కాన్ చేస్తే బూడిద ముద్ద. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే చిక్కటి నలుపు దగ్గరికొస్తుంది. ఒకటి ఎక్కువేస్తే చల్లటి బూడిద, ఇంకోటి ఎక్కువేస్తే వెచ్చటి బూడిద. క్రోమ్‌కు ఆ రెండూ, కాగితం తెలుపూ సరిపోతాయి. మెరుపును పుట్టించేది తెలుపు కాదు, తెలుపుకు ఆనుకుని గట్టి అంచుతో ఉన్న నలుపు. అంచు మెత్తబడితే క్రోమ్ కాస్తా స్టీలు గిన్నె అవుతుంది.

తెల్ల కారు, అదే మన ప్రభుత్వ అంబాసిడర్. చాలామంది కాగితాన్ని అలాగే వదిలేసి చుట్టూ గీత గీస్తారు. ఎండలో ఉన్న తెల్ల కారులో నిజంగా తెల్లగా ఉండేది కొద్ది చోట్లే. ఒక అట్టముక్కకు అయిదు మి.మీ. రంధ్రం చేసి, అందులోంచి కారు పక్క తలుపును చూడండి. తెలుపన్నది ఎంత ముదురు బూడిదో తెలుస్తుంది. పైకి చూసే రేకులో ఆకాశపు నీలం ఉంటుంది. తలుపు కింది భాగం నేల వైపు వంగుతుంది కదా, అందులో నేల రంగు ఎక్కుతుంది. మన వీధుల్లో అది మట్టిరంగు, తారురోడ్డు మీదైతే బూడిద. ఈ నీలానికీ మట్టిరంగుకూ మధ్య పట్టీయే తలుపు గుండ్రదనం చెబుతుంది.

నీటిరంగుల వరస: 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, హెచ్‌బీ పెన్సిలు, తేలిక చెయ్యి. మెరుపు గీతల మీద మాస్కింగ్ ఫ్లూయిడ్, అంటే రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, తర్వాత ఊడదీసే జిగురు. దానికి పాత కుంచెనే వాడండి, ముంచే ముందు సబ్బునీళ్లలో తడపండి, లేకపోతే వెంట్రుకలు అతుక్కుపోయి కుంచె పనికిరాదు. తర్వాత పై రేకులకు పలుచటి నీలం, ఆరకముందే కింది నుంచి మట్టిరంగు. ఆరాక అద్దాలు, జాలీ, టైర్లు. క్రోమ్ నలుపు ఆఖర్న. మాస్కింగ్ తీసేటప్పుడు కాగితం పూర్తిగా ఆరి ఉండాలి. తడిమీద లాగితే పైపొర లేచొస్తుంది. రోజుల తరబడి వదిలేసినా అతుక్కుపోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కూర్చుని వేసేవాళ్లకు ఇంకో చిక్కు: పూత సగం వేసేలోగా మొదటి సగం ఆరిపోయి మధ్యలో గీత పడుతుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి అట్టమీద పరచండి, పెద్ద కుంచె వాడండి, ఫ్యాను ఆపెయ్యండి. ఆపలేకపోతే ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. సగం ఆరిన పూత మీద నీటిబొట్టు పడితే అంచు పువ్వులా విచ్చుకుంటుంది. దిద్దబోతే ఇంకా పాడవుతుంది, ఆరనివ్వండి.

కారు అద్దాలకు నీలం రంగు వెయ్యడం బడిలో అంటిన అలవాటు. అద్దంలోంచి లోపలి చీకటి కనబడుతుంది, సీటు అంచు, స్టీరింగు చక్రం పై వంపు కనబడతాయి. ముందు అవి వేసి, వాటిమీద ఆకాశపు ప్రతిబింబాన్ని ఒక పక్క మాత్రమే వెయ్యండి.

పెన్నుతో గీసేవాళ్లకు ఒక లెక్క. తలుపుకూ తలుపుకూ మధ్య సందు అసలు కారులో అయిదు మి.మీ. అనుకుందాం. మన పన్నెండో వంతు బొమ్మలో అది 0.4 మి.మీ. మీరు 0.8 పెన్నుతో గీశారంటే దాదాపు సెంటీమీటరు సందు పెట్టినట్టే. అందుకే అది రేకుబొమ్మలా కనిపిస్తుంది. సందులకు 0.3 వాడి, అక్కడక్కడా తెంపండి. వెలుగు పడే అంచున గీతే ఉండక్కర్లేదు.

పాతదనం చూపించాలని తుప్పును ఒళ్లంతా చల్లకండి. తుప్పుకు కారణముంటుంది. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుంటాయి, వాననీరు లోపల నిలుస్తుంది, రేకు లోపలి నుంచి తింటూ వచ్చి అడుగు అంచున బుడగలా లేస్తుంది. మడ్‌గార్డ్ అంచు చక్రం విసిరే మట్టికి పోతుంది. టాపు అంచున వాననీటి కాలువ ఉంటుంది కదా, అక్కడా పట్టుకుంటుంది. మరక ఎప్పుడూ అక్కణ్నుంచి కిందికే జారుతుంది. నడి తలుపు మీద కారణం లేకుండా తుప్పు పెడితే మెకానిక్కులు నవ్వుతారు. బొమ్మ చూపించాల్సిన మొదటి మనిషి మెకానిక్కే అని నా అభిప్రాయం, విమర్శకుడు తర్వాత.

కొలత నేర్చుకున్నాక దాన్ని తెలిసి మార్చినవాళ్ల సంగతి రెండు మాటల్లో. మన దేశపు శిల్పి సుబోధ్ గుప్తా 2003లో అంబాసిడర్‌ను అల్యూమినియంలో నిలువెత్తున పోతపోశాడు. పేరు "దూత్". అంబాసిడర్ అంటే దూతే కదా. రంగు లేదు, గాజు లేదు, క్రోమ్‌కూ రేకుకూ తేడా లేదు, అంతా ఒకే లోహం. మిగిలింది ఒట్టి ఆకారం, అయినా వీధిలో నడిచే ఎవరైనా గుర్తుపడతారు. ఇందాక చెప్పిన చతురస్రపు ముఖం ఎంత బలమైనదో అక్కడ తెలుస్తుంది. మెక్సికో శిల్పి గాబ్రియేల్ ఒరోజ్కో 1993లో సిట్రోయెన్ డీఎస్ అనే ఫ్రెంచి కారును నిలువునా కోసి, వెడల్పులో నడిమి భాగం తీసేసి రెండు పక్కలనూ కలిపేశాడు. పక్కనుంచి చూస్తే మామూలు కారు. ఎదురుగా వస్తే కత్తిలా సన్నం. వెడల్పు ఒక్కటి మారిస్తే కారు స్వభావం ఎంత మారుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మన ఊళ్లో చూడాలంటే హైదరాబాద్ జూ పార్కు దగ్గర, బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ గారు బడి రోజుల్లో పట్టుకున్న సరదా అది, 2010లో మ్యూజియం అయ్యింది. వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు, కెమెరా కారు, అన్నీ నడిచేవే. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల మూడుచక్రాల సైకిలు గిన్నిస్‌కెక్కింది. నవ్వుకుని వచ్చెయ్యకండి. వంకాయ ఆకారంలో చక్రాలు ఎక్కడ దాచాడు, మనిషి ఎక్కడ కూర్చుంటాడు, స్టీరింగు ఎటు తిరుగుతుంది, ఇవి చూసి స్కెచ్ వేసుకోండి. పాత కార్లే కావాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు పసుపు రోల్స్‌రాయిస్ ఉంది. దాని చక్రాలు మన అంబాసిడర్ చక్రాల లెక్కకు రావు, మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఫోటో మీద ట్రేస్ చేస్తే తప్పా, సర్?)

తప్పేం లేదు. అమెరికా చిత్రకారుడు రాబర్ట్ బెక్టల్ ఫోటో స్లైడును కాన్వాసు మీదికి ప్రొజెక్ట్ చేసి గీసేవాడు. ఇళ్ల ముందు ఆగిన మామూలు కార్లే ఆయన బొమ్మలు. ఆయన "61 పాంటియాక్" ఇప్పుడు న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఉంది. చిక్కేమిటంటే ట్రేస్ చేస్తే లెన్సు చేసిన తప్పు కూడా మీ బొమ్మలోకి వస్తుంది. అది తప్పని కనిపెట్టాలంటే కొలత తెలిసి ఉండాలి. పక్క బొమ్మ నాలుగుసార్లు గీయమన్నది అందుకే.

(టాబ్లెట్‌లో గీసేవాళ్లకు?)

అన్నీ ఇవే. ఒక్క జాగ్రత్త చెప్తాను. దీర్ఘవృత్తం టూలు నిలువుగానో అడ్డంగానో ఇస్తుంది. అలాగే వదిలెయ్యకండి, ఇరుసు గీతకు తగ్గట్టు తిప్పండి. ఒక చక్రాన్ని కాపీ చేసి రెండోదానికి అతికించడం కూడా వద్దు. దూరపు చక్రం చిన్నదే కాదు, దాని వెడల్పు నిష్పత్తి కూడా మారుతుంది.

(మా తాతగారి కారు ఎప్పుడో అమ్మేశారండి. ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంది. అందులోనూ కారు ముందు అందరూ నిలబడ్డారు, సగమే కనబడుతుంది.)

సగం చాలమ్మా. చక్రం ఒక్కటైనా పూర్తిగా కనబడుతోందా? ఒకటి కనబడితే అదే స్కేలు, అంబాసిడర్‌దైతే 675 మి.మీ. చక్రం కూడా లేకపోతే హెడ్‌లైటు చూడండి, ఏడంగుళాలు. ముందు జాలీని బట్టి ఏ మార్కు బండో, అంటే ఏ తరం మోడలో తేల్చుకోవాలి, తర్వాతి మార్కు జాలీ పెట్టారంటే మీ ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు. ముందూ వెనకా నిలబడ్డ పెద్దవాళ్ల తలలన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటే కెమెరా పెద్దవాళ్ల కంటి ఎత్తున ఉన్నట్టు. దాన్ని మీటరుకు దించి మళ్లీ కట్టుకోవాలి, కాస్త పని ఉంటుంది. మనుషులను తీసెయ్యకండి, ఆ ఎత్తున పిల్లలకు కారు ముందు కనబడేవి పంచెలూ చీర కుచ్చిళ్లే. అసలు ఫోటో కాకుండా ఒక జిరాక్స్ తీసుకుని రండి, రేపు దానిమీద ఇరుసు గీతలు వేసి చూద్దాం.